గంజి పెట్టిన తువ్వాలు

మాస్టారు అద్దం ముందు నిలబడి మెడలో కంపెనీ కార్డు వేసుకోవడం, తీసెయ్యడం, మళ్ళీ వేసుకోవడం... పొద్దుటినుంచీ అదే పని.

గోడలకు పూసే పుట్టీ పొడి తయారుచేసే ఫ్యాక్టరీ అది. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ప్రాణం ఎలా కాపాడుకోవాలో నేర్పడం మాస్టారి ఉద్యోగం. ఆయన నేర్పుతూ ఉండగానే ఒక మనిషి మిక్సర్‌లో పోయాడు. లోపలికి దిగి, గోడలకు గట్టిపడిన పొడిని గీకుతుంటే బయట స్విచ్చి పడింది. నొక్కినవాడు పరాయివాడు కాదు, పోయిన మనిషికి సొంత బావమరిది. ఇప్పుడు పోయిన మనిషి భార్యకి కంపెనీ బస్తాలు కుట్టేచోట పని ఇచ్చింది. చేరిన రోజు ఎవరైనా సరే మాస్టారి క్లాసులో కూర్చోవలసిందే. ఆమె కూడా కూర్చోవాలి.

ఆ సంగతి తెలిసినప్పటినుంచి ఆయనకి అన్నం సహించడం లేదు. "మీదేం తప్పు? చెప్పాల్సింది చెప్పారు కదా," అంది భార్య. ఆ మాటే ఆయన షూ లేసులు కట్టుకుంటూ ఒకసారి, బస్సులో కమ్మీ పట్టుకుని ఒకసారి, గేటు దగ్గర వాచ్‌మన్‌కి చెయ్యి ఊపుతూ ఒకసారి తనకి తాను చెప్పుకున్నారు. నిజంగా తప్పు లేనివాడు ఆ మాట అన్నిసార్లు చెప్పుకోడు. ఆ సంగతి కూడా ఆయనకి తెలుసు.

ఆమె ముందు వరసలో కూర్చుంది.

ఇది మాత్రం ఆయన అనుకోలేదు. ఎక్కడో వెనక, గోడవారన, తల వంచుకుని కూర్చుంటుందనుకున్నారు. ఆ వంచిన తలకి సరిపోయేలా మెత్తటి మాటలు కొన్ని పోగుచేసుకుని వచ్చారు. ఈమె తల ఎత్తుకుని ఉంది. ఇన్నాళ్ళూ ఇంటిదగ్గర కుట్టుమిషను మీద బతికిన మనిషి, వేలికొసలు సూదిపోట్లతో గరుకెక్కి ఉన్నాయి. ఒళ్ళో చేతులు పెట్టుకుని, పాఠం కోసమే వచ్చినట్టు చూస్తోంది. మాస్టారు తెచ్చుకున్న మాటల్లో ఒక్కటీ ఆ చూపుకి సరిపోలేదు.

"మాస్టారి క్లాసంటే సినిమానే అంట కదా," వెనక ఒక కుర్రాడు పక్కవాడితో గొణిగాడు.

"సినిమా కన్నా నయం. టిక్కెట్టు లేదు, మధ్యలో టీ ఇస్తారు."

అబద్ధం కాదు. మాస్టారి క్లాసుకి ఆ పేరుంది. ఆయన నడిచి చూపిస్తారు, జారిపడి చూపిస్తారు, వేలు పోయినవాడు ముక్కు ఎలా గోక్కుంటాడో చూపిస్తారు. మిక్సర్ పాఠంలో ఆయనకి తోడుగా ఒక పెద్దాయన వస్తాడు. మిక్సర్ షెడ్డులోనే జుట్టు నెరిసినవాడు. మిషన్ల హోరులో కూడా అతని పిలుపు గేటుదాకా వినిపిస్తుంది కాబట్టి అందరూ సైరన్ అంటారు. పాఠంలో చచ్చిపోయే వేషం అతనిదే. నాలుక వేలాడేసి, కళ్ళు తేలేసి, నేలమీద పడి, "అయ్యో, తాళం మర్చిపోయానే!" అని ఆఖరి మాట అంటాడు. క్లాసు విరగబడి నవ్వుతుంది. ఇవాళ ఆ వేషం వద్దని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండానే ఒప్పుకున్నారు. సైరన్ చేతులు కట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. చచ్చే పని లేకపోతే ఆ గదిలో తనేం చెయ్యాలో అతనికి తెలియడం లేదు.

మాస్టారు చెక్కబోర్డు దగ్గరికి నడిచారు. దానిమీద ఉత్తుత్తి స్విచ్చి ఒకటి, దాని పిడికి ఒక కన్నం, ఆ కన్నానికి వేలాడుతూ ఎర్ర తాళం. వడ్రంగి చేత చేయించి, తనే రంగు వేసుకున్న బోర్డు అది.

"మెషిన్‌లోకి దిగేవాడు ముందు స్విచ్చి ఆపాలి. తన తాళం తనే వెయ్యాలి. తాళంచెవి తన జేబులోనే ఉండాలి." ఏళ్ళతరబడి చెప్పిన మాటలు. నాలుక దానంతట అదే నడుస్తోంది. "బయటికొచ్చాక తనే తియ్యాలి. ఆ చెవి మేనేజరు అడిగినా ఇవ్వకూడదు. అమ్మ అడిగినా ఇవ్వకూడదు. పెళ్ళాం అడిగినా..."

ఎప్పుడూ నవ్వు వచ్చే చోటు అది. ఇవాళా వచ్చింది. కొత్త కుర్రాళ్ళకేం తెలుసు? ఆ నవ్వు వరసలు దాటి ముందుకొచ్చి, ఆమె కుర్చీ దగ్గర ఆగిపోయింది. మాస్టారి చెవులు వేడెక్కాయి. ఆ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గభాలున నల్లబల్ల వైపు తిరిగి, బల్లమీది గుడ్డ అందుకుని తుడవడం మొదలుపెట్టారు. బల్లమీద ఒక్క అక్షరం కూడా లేదు.

"మాస్టారూ," వెనకనుంచి ఆమె గొంతు. "ఆ గుడ్డ ఒకసారి ఇస్తారా?"

ఏడుస్తోందనుకున్నారు ఆయన. జేబులోంచి తన రుమాలు తీసి చాచారు. "ఇది సుద్దపొడమ్మా. ఇదుగో, ఇది తీసుకో."

"మీది కాదండీ. అదే."

ఇచ్చారు. ఆమె దాన్ని ఒళ్ళో పరిచి, ఒక్కో అంచూ వేళ్ళతో తడుముకుంటూ పోయింది. సుద్ద తెల్లగా రాలింది. ఒక మూల దగ్గర వేళ్ళు ఆగాయి. అక్కడ నీలం దారంతో మడిచి కుట్టిన చిన్న ఉంగరం, కొక్కేనికి తగిలించుకోవడానికి.

"ఇది మా ఆయన తువ్వాలు," అంది. "ఈ కుట్టు నాది. మీ దగ్గరికెలా వచ్చింది?"

మనిషి కూర్చుని ఆలోచించి ఆడే అబద్ధాలు తక్కువ. చాలాసార్లు నోరే ముందు వెళ్ళిపోతుంది, మనసు ఆయాసపడుతూ దాని వెనక వస్తుంది. ఆ క్షణంలో మాస్టారికి తెలిసింది ఒక్కటే: ఎవరిదో తువ్వాలు అడక్కుండా తెచ్చుకుని బల్ల తుడుచుకుంటున్నాడు తను, ఆ మనిషి ఇప్పుడు లేడు, అతని భార్య ఎదురుగా ఉంది. తువ్వాలంత సిగ్గు, అంతే. దాన్ని కప్పడానికి తువ్వాలంత అబద్ధం సరిపోతుందనిపించింది.

"మిక్సర్ దగ్గర కింద పడి ఉందమ్మా. ఎవరూ లేరు కదా అని తెచ్చాను."

"ఎప్పుడు?"

"ఆ... ఆ రోజు పొద్దున."

తలుపు దగ్గర సైరన్ కట్టుకున్న చేతులు విప్పాడు. "కింద పడి ఉందా?" అన్నాడు. గేటుదాకా వినిపించే ఆ గొంతు ఆ గదైనా దాటనంత సన్నగా వచ్చింది. "మాస్టారూ, సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. స్విచ్చి పిడి మీద లేదా? నిజంగా కిందే ఉందా?"

"కిందే. ఏం?"

సైరన్ అలాగే వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు. ఆమె రెండు చేతులతో తువ్వాలు నోటికి అదుముకుంది. గుడ్డలోంచి మాట నలిగి వచ్చింది. "అయితే మా తమ్ముడు అబద్ధం చెప్పలేదు."

మాస్టారికి అర్థం కాలేదు. కుర్రాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఏంటది? నువ్వైనా చెప్పు," అన్నారు మాస్టారు సైరన్‌తో.

"మేం లోపలికి దిగేటప్పుడు తువ్వాలు స్విచ్చి పిడికి వేస్తాం మాస్టారూ. ఎవరిది వాళ్ళం. తువ్వాలుంటే లోపల మనిషున్నాడని, లేకపోతే ఖాళీ అని. మా నాన్న రోజులనుంచీ అదే లెక్క."

"తువ్వాలా! మరి తాళం?"

సైరన్ నేలచూపులు చూశాడు. "తాళం పట్టదు మాస్టారూ."

"పట్టకపోవడమేంటయ్యా?"

"మీ తాళం. మిక్సర్ స్విచ్చికి కన్నం చిన్నది. దూరదు."

మాస్టారు చెక్కబోర్డు వైపు చూశారు. ఆ కన్నం వడ్రంగి తాళాన్ని చేత్తో పట్టుకుని, దానికి తగ్గట్టు వేసింది. ఎంత బాగా పట్టిందో! ఎన్ని చేతులు వచ్చి ఈ తాళం టక్కుమని వేసి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళాయో! పోయిన మనిషి కూడా వేశాడు. ఇక్కడే, ఈ బోర్డు ముందే, సిగ్గుపడుతూ నవ్వి.

"మరి నాకు చెప్పలేదేం?"

"ఎలా చెప్తాం?" అన్నాడు సైరన్. "గొంతు పోయేదాకా చెప్తారు మీరు. మమ్మల్ని నవ్విస్తారు. ఇంటిదగ్గర పిల్లల సంగతి అడుగుతారు. ఇంకెవరు అడుగుతారు మాస్టారూ మమ్మల్ని? అలాంటి మనిషి మొహం మీద, ఇది పనికిరాదండీ అని ఎలా అంటాం? చిన్నబుచ్చుకుంటారని..."

"అందరికీ తెలుసా?"

"క్యాంటీన్‌లో టీ పోసేవాడికి కూడా తెలుసు." సైరన్ చేత్తో మిక్సర్ షెడ్డు వైపు చూపించాడు. "షెడ్డులోకి వస్తూ పోతూ ఉంటారు కదా, మీకూ తెలిసే ఉంటుంది, తెలిసే చెప్తున్నారేమో అనుకున్నాం."

ఈ ఆఖరి ముక్క ఆయనకి గుచ్చుకున్నట్టు ఇంకేదీ గుచ్చుకోలేదు. పైగా వాళ్ళు తనమీద జాలిపడ్డారు. ఒక పెద్దమనిషి పరువు కాపాడడానికి ఒక షెడ్డు షెడ్డంతా తువ్వాళ్ళ మీద ప్రాణాలు పెట్టుకుని బతికింది. తను ఆ మర్యాదని పాఠం వంటబట్టడం అనుకున్నాడు.

"విచారణలో తువ్వాలు మాట ఎత్తలేదు మేం," అన్నాడు సైరన్. "ఎత్తితే తాళం వెయ్యకుండా దిగాడని బయటపడుతుంది, తప్పు చచ్చినవాడిదే అని చెల్లెమ్మకి ఈ ఉద్యోగం కూడా ఇవ్వరని. మాలో మాకు మాత్రం ఒకటే మాట. అతను తువ్వాలు వెయ్యకుండా దిగే మనిషి కాదు, కాబట్టి బావమరిదే చూసుకోకుండా నొక్కాడు. తువ్వాలు లేదు మొర్రో అని వాడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఎవడు నమ్మాడు? క్యాంటీన్‌లో వాడి పక్కన కూర్చున్నవాడు లేడు."

"నేను మాత్రం నమ్మానా?" అంది ఆమె. "ఎత్తుకుని పెంచాను వాణ్ణి. గుమ్మం ముందు నిలబడి, తువ్వాలు లేదక్కా, నీమీదొట్టు అని ఏడుస్తుంటే తలుపేసుకున్నాను. చూశానని ఒప్పుకో, ఒప్పుకుంటేనే లోపలికి రా అన్నాను. రోజూ వచ్చేవాడు. రోజూ అదే మాట అని పంపించేదాన్ని." ఆమె ఏడుస్తూనే నవ్వింది. "కింద పడిపోయింది. ఎవరి తప్పూ లేదు. పడిపోయింది, అంతే."

గదిలో గాలి తేలికైంది. సైరన్ కళ్ళు తుడుచుకుని, "వాణ్ణి ఎన్ని మాటలన్నామమ్మా," అని గొణిగాడు. మాస్టారు ఆ తేలికలో నిలబడి, తన అబద్ధం చేసిన మేలు చూస్తూ ఉండిపోయారు. అక్కకి తమ్ముడు దక్కాడు. షెడ్డుకి మనిషి దక్కాడు. తప్పు గాలిదయింది. నోరు మూసుకుంటే చాలు, ఇంతమంది ఇంత సుఖంగా ఉంటారు. మంచితనమే ఆయన చేత నోరు మూయిస్తోందని దాదాపు నమ్మేశారు కూడా.

ఆమె తువ్వాలు మళ్ళీ ఒళ్ళో పరుచుకుంది. వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఆ నవ్వు మెల్లగా ఎక్కడికో పోయింది.

"ఇది కొత్తది," అంది. "గంజి పెట్టాను నేను. గంజి ఉంటే పొడి దులిపితే పోతుంది కదా అని. బిరుసుగా ఉంది, పిడిమీద నిలవట్లేదు, జారిపోతోంది, పాతదివ్వు అన్నాడు. పాతది నేను అప్పటికే పొయ్యిమీద గిన్నెలు దించుకునే గుడ్డ చేసేశాను. ఒక ఉతుకు పడితే మెత్తబడుతుందిలే, పో, అన్నాను." ఎవరితోనూ కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు చెబుతోంది. "జారిపోయింది. చెప్పాడు. నేనే వినలేదు."

"అదేంటమ్మా," అన్నారు మాస్టారు. "ఫ్యాన్ గాలికి పడి ఉంటుంది."

"గంజి లేకపోతే పడేది కాదు కదండీ."

ఆమె గొంతులో ఏడుపు లేదు. అదే ఆయన్ని భయపెట్టింది. ఇన్నాళ్ళూ తమ్ముడిమీద మోపిన బరువుని దించి, ఇప్పుడు తన భుజం మీదికి ఎత్తుకుంటోంది, నీళ్ళబిందె ఎత్తుకున్నంత అలవాటుగా. తను ఆడిన అబద్ధం కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ గదంతా తిరిగి, చివరికి అందరిలోకీ తక్కువ అడ్డు చెప్పే మనిషి దగ్గర చతికిలబడింది. మాస్టారు చూస్తూనే ఉన్నారు.

ఆ మనిషి పోయిన రోజు పొద్దుట ఫ్యాక్టరీలో శుభ్రత వారం మొదలైంది. తనిఖీకి మేనేజరు వెంట నడవబోయే ముందు షెడ్డు ఒకసారి చూసుకుందామని ఆయన ఒక్కరే వెళ్ళారు. పొడి పొగలా తేలుతోంది. స్విచ్చి పిడికి ఒక తువ్వాలు. "ఇల్లనుకున్నారా, దండెం అనుకున్నారా?" అని పైకే అనుకున్నారు, మేనేజరు వింటే బాగుండునన్నట్టు. అప్పుడు మిక్సర్‌లోంచి చప్పుడు. గర్, గర్, ఇనుము మీద ఇనుము. ఆ చప్పుడు ఆయన చెవిలో పడింది. అంతకు మించి లోపలికి వెళ్ళలేదు. లోపల ఆ రోజు క్లాసులో చెప్పాల్సిన జోకు ఒకటి తయారవుతోంది.

"పడలేదమ్మా," అన్నారు మాస్టారు.

ఆమె తలెత్తింది.

"కింద పడలేదు. నేను అబద్ధం చెప్పాను. పిడిమీదే ఉంది." ఆయన చేతులు చెక్కబోర్డు అంచు వెతుక్కున్నాయి. "ముడి వేసి ఉంది. జారిపోతుందనే వేసి ఉంటాడు, గట్టి ముడి. విప్పడానికి నాకు రెండు చేతులూ కావలసి వచ్చాయి. శుభ్రంగా లేదని నేనే విప్పి తెచ్చాను. నీ గంజి కాదు. మీ తమ్ముడూ కాదు. లోపల గీకుతున్న చప్పుడు కూడా విన్నాను."

"విని?" అంది ఆమె.

మాస్టారు చెప్పవలసిన మాట చాలా చిన్నది. 

"క్లాసుకి టైమైందని వచ్చేశాను."

ఆయన ఏదో ఒకటి పడుతుందని ఎదురుచూశారు. తిట్టు, శాపం, చెంపమీద చెయ్యి. పడితే కొంత తీరేది. ఏదీ పడలేదు. సైరన్ మొహం గోడకి తిప్పేసుకున్నాడు. ఇందాక సినిమా అన్న కుర్రాడు తనకిచ్చిన కొత్త తాళాన్ని చేతిలో పెట్టుకుని, అదేమిటో తెలియనట్టు చూస్తున్నాడు. ఆమె తువ్వాలు దులిపింది, నాలుగు మడతలు పెట్టింది, సంచిలో పెట్టుకుంది. అదే సంచిలోంచి ఫోన్ తీసి, ఒక నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఎత్తిన చప్పుడు వినిపించింది. ఆమె తల అడ్డంగా ఊపి, ఫోన్ మాస్టారి చేతిలో పెట్టింది.

"మీరే చెప్పండి."

"అక్కా!" ఫోన్‌లో గొంతు ఉక్కిరిబిక్కిరవుతోంది. "నువ్వేనా అక్కా? ఇప్పుడే నీకు చేద్దామనుకుంటున్నా. అయిపోయిందక్కా. నువ్వన్నట్టే ఒప్పేసుకున్నా. తువ్వాలు చూశాను, చూసి కూడా నొక్కాను అని చెప్పేశా. ఇక్కడే, మేనేజర్ గారి గదిలో. పోలీసులు కూడా ఉన్నారు. తీసుకెళ్తారంట. పోయేముందు ఒక్కసారి ఇంటికి వస్తానని అడిగాను. తలుపు తీస్తావు కదూ?"

"బాబూ," అన్నారు ఆయన. "నేను... నేను మాస్టార్ని."

అవతల గొంతు సర్దుకుంది. పెద్దవాళ్ళు గదిలోకి వస్తే లేచి నిలబడినట్టు ఉంది ఆ సర్దుకోవడం.

"నమస్కారం మాస్టారూ. అక్క మీ క్లాసులో ఉందా? మాస్టారూ, మీరు నన్ను క్షమించాలి. అంత బాగా నేర్పారు. మీ పాఠానికి చెడ్డపేరు తెచ్చాను."

ఆయన మాట కూడదీసుకునేలోపు అవతల ఎవరో "ఇక చాలు, నడువు" అనడం, ఫోన్ ఆగిపోవడం జరిగాయి. కిటికీ బయట, ఆఫీసు మెట్ల ముందు, జీపు స్టార్టయింది.